క్రౌను తమ్ముడికి, పినియన్ అన్నకి

మా తమ్ముడు నాగసాయి నా బండికి టైర్లు బిగించిన రోజు నవ్వాడు. ఆరేళ్ళలో వాడు నా మొహం చూసి నవ్వడం అదే మొదటిసారి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఎంత చెడ్డా తోడబుట్టినవాడు కదా, ఎక్కడో కాస్త అభిమానం మిగిలుందేమో అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

నేను పికప్ నడుపుతాను. జగ్గయ్యపేట చుట్టుపక్కల చేలల్లో కోసిన మిరపకాయలు కల్లాలకీ, కల్లాల్లో ఎండిన కాయ తొక్కి కుట్టిన గోతాల టిక్కీలు కోల్డ్ స్టోరేజీలకీ తోలుతాను. ఆడది బండి తోలడమేంటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే సీజన్ వచ్చేసరికి నా ఫోన్ నంబరు కోసం వెతుక్కుంటారు. వెతుక్కోనివ్వండి. మర్యాదగా మాట్లాడిన వాళ్ళ సరుకు ముందు ఎక్కిస్తాను, వెటకారాలాడిన వాళ్ళది చివర్లో ఎక్కిస్తాను.

బండి మా నాన్నది. నాన్న నందిగామలో మెకానిక్ షెడ్డు పెట్టి ముప్ఫయ్యేళ్ళు నడిపాడు. ఆయన పోయిన నెల తిరక్కుండానే అన్నయ్య కనకయ్య, తమ్ముడు నాగసాయి పంపకాలకి కూర్చున్నారు. పెద్దమనిషిగా భవానీప్రసాద్ గారిని పిలిచారు. ఆయనకి యాభై ఎకరాల పొలం, మిరపకాయల వ్యాపారం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఆ పిల్లికైనా పిట్టల సంగతి తెలుసు. ఈయనకి తాలుకాయకీ ఎర్రకాయకీ తేడా తెలుసు గానీ ఇనప సామాను సంగతి బొత్తిగా తెలియదు.

షెడ్డులో ఉన్నదంతా టార్పాలిన్ మీద పరిపించి, "అన్నకొకటి, తమ్ముడికొకటి" అంటూ పంచుకుంటూ పోయారాయన. జాకీ అన్నకి, కంప్రెసర్ తమ్ముడికి. స్పానర్లు వరసగా పేర్చి, ఒకటి విడిచి ఒకటి ఇద్దరికీ ఇచ్చారు. దాంతో పది, పన్నెండు, పద్నాలుగు నంబర్లు ఒకడి దగ్గర, పదకొండు, పదమూడు ఒకడి దగ్గర తేలాయి. ఆఖరికి ఒక అట్టపెట్టె విప్పితే గ్రీజు పూసిన వస్తువులు రెండు బయటపడ్డాయి. పళ్ళున్న చక్రం ఒకటి, ఒక చివర పళ్ళున్న పొట్టి కడ్డీ ఒకటి.

"ఇవేంటయ్యా?" అనడిగారు భవానీప్రసాద్ గారు.

"క్రౌను, పినియన్ అండి," అన్నాడు అన్నయ్య.

"రెండున్నాయిగా, ఇంకేం. క్రౌను తమ్ముడికి, పినియన్ అన్నకి."

ఆ రెండూ కలిసి ఒకటే సామాను. ఒకటి లేకుండా రెండోది దేనికీ పనికిరాదు. చెప్పుల జతని చెరొకటి పంచినట్టే. ఆ సంగతి మెకానిక్‌లైన అన్నకీ తమ్ముడికీ తెలుసు. ఇద్దరూ నోరు మెదపలేదు. ఎప్పటికో అప్పటికి వాడే నా కాళ్ళ దగ్గరికి వస్తాడులే అని ఎవడి మటుకు వాడు లెక్కేసుకున్నాడు. నేను అప్పుడు టీ గ్లాసులు అందిస్తున్నాను. నాకు తెలియదు.

తర్వాత నా వంతు వచ్చింది. "ఆడపిల్లకి ఏదో ఒకటి ఇవ్వకపోతే బాగుండదు," అన్నారు పెద్దమనిషి. "బండి నడిచినంతకాలం నాగవల్లి నడుపుకుంటుంది. ఆగిన రోజున అన్నదమ్ములిద్దరూ అమ్ముకుని చెరిసగం తీసుకోండి." కాయితం రాశారు, సంతకాలు పెట్టారు. అన్నయ్య షెడ్డు ఉంచుకున్నాడు. తమ్ముడు జగ్గయ్యపేట వెళ్ళి టైర్ల షాపు పెట్టాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నాన్న సంవత్సరీకానికి కూడా ఒకడు పొద్దున, ఒకడు మధ్యాహ్నం వచ్చి వెళ్ళారు. నా బండి ఎప్పుడాగుతుందా అని చూడటంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే చూపు.

ఈ ఏడు మిరప కోతల మీద వానలు పడ్డాయి. నల్లరేగడి నేల. ట్రాక్టర్లు తిరిగి తిరిగి డొంకల్లో మోకాటి లోతు చక్రాల గాళ్ళు పడ్డాయి, మధ్యలో మట్టి గట్టులా లేచింది. నా బండి వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండ్రటి హౌసింగు ఆ గట్టుకి ఆని, చక్రాలు గాల్లో తిరిగినట్టు తిరిగేవి. రెండుసార్లు ట్రాక్టరు కట్టి లాగించుకున్నాను. మూడోసారి రైతు మొహం మాడ్చుకున్నాడు. ఇంకోసారి దిగబడితే సరుకంతా ట్రాక్టర్ల మీదకి పోతుంది. పనిలేని బండి మూలన పడుతుంది. మూలన పడితే ఇద్దరు గద్దలు కాచుకుని ఉన్నారు.

అందుకని పెద్ద టైర్లు వేయిద్దామని సాయి దగ్గరికి వెళ్ళాను. జగ్గయ్యపేటలో ఇంకో రెండు టైర్ల షాపులున్నాయి. అయినా తమ్ముడి దగ్గరికే వెళ్ళాను.

"పదహారంగుళాలవి వేయించక్కా. టైరు బాడీకి రాసుకోకుండా వెనక కమానుకట్టలో ఓ పట్టీ ఎక్కువేస్తా. బండి మూడంగుళాలు, ఇరుసు అంగుళంన్నర లేస్తది. నీ హౌసింగు నేలకి దొరకదు," అన్నాడు.

"టైరు పెద్దదేస్తే ఇంకేమన్నా మార్చాలంట్రా?"

"ఏం మార్చక్కర్లా. టైరు టైరే." అప్పుడే నవ్వాడు.

పాత టైర్లు, డిస్కులు వాడే ఉంచుకున్నాడు. సాయంత్రానికల్లా వాటిని ఎవరికో అమ్మేశాడని తర్వాత తెలిసింది. మళ్ళీ పాతవే వేసుకునే దారి లేకుండా చేసిన వాడి తెలివి నాకు అర్థమయ్యేసరికి చాలా ఆలస్యమైంది.

ఖాళీ బండి ఏనుగులా వెళ్ళింది. డొంకలో హౌసింగు ఆనలేదు. సంతోషంతో హారన్ కొట్టుకుంటూ వెళ్ళాను. లోడు ఎక్కాక అసలు కథ మొదలైంది. సెకండ్ గేరులో బండి లాగనంటుంది. ఫస్టులో క్లచ్ తొక్కిపట్టి లేపితే కాలిన వాసన. మూడో రోజుకి ఆ వాసన నా చీరకి కూడా పట్టింది.

చిల్లకల్లులో ఫ్రాన్సిస్ బాబాయ్ షెడ్డుంది. నాన్న స్నేహితుడు. బండి చూడగానే ఆయన బానెట్ కూడా ఎత్తలేదు.

"ఈ టైర్లు ఎవరేసారే అమ్మాయ్?"

"తమ్ముడు."

"క్రౌను మార్చాడా?"

"ఏం మార్చక్కర్లా అన్నాడు."

ఆయన నోట్లోంచి రాబోయిన బూతుని నా మొహం చూసి మింగేశాడు. సుద్దముక్క తీసి టైరు మీద ఒక గీత, సరిగ్గా దాని కింద నేల మీద ఒక గీత గీశాడు. బండిని నెట్టించి, టైరు మీది గీత ఒక చుట్టు తిరిగి మళ్ళీ కిందికొచ్చిన చోట ఇంకో గీత గీశాడు. టేపు నా చేతికిచ్చాడు. ఎనిమిది అడుగులుంది.

"నీ పాత టైరు చుట్టుకి ఏడుంబావు అడుగులు పోయేది. ఇప్పుడు అదే చుట్టుకి ఎనిమిది పోతంది. మీటరు యాభై అంటంటే నువ్వు యాభై అయిదులో పోతన్నావ్. నువ్వు పెద్ద టైరేసావని ఇంజనుకి తెలీదు. దానికున్న ఓపిక అంతే. అందుకే క్లచ్చి కాలిపోతంది."

"మరేం చెయ్యాలి?"

"వెనక ఇరుసులో పెద్ద పళ్ళచక్రం క్రౌను. దాన్ని తిప్పే చిన్నది పినియన్. నీ బండి క్రౌనుకి నలభై ఒక్క పళ్ళు, పినియన్‌కి తొమ్మిది. పినియన్ పళ్ళు తగ్గితే చక్రం నిదానంగా తిరిగి బలం పెరుగుద్ది. ఎక్కాలొచ్చా? తొమ్మిది ఏడుంబావులు?"

"అరవై అయిదుంబావు."

"ఎనిమిది ఎనిమిదులు?"

"అరవై నాలుగు."

"రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా ఉన్నాయిగా, సరిపోయింది. క్రౌనుకి అవే నలభై ఒక్క పళ్ళు, ఎనిమిది అడుగుల టైరుకి ఎనిమిది పళ్ళ పినియన్. అది వేస్తే పాత లాగుడు పాతట్టాగే ఉంటది. ఒక్క పన్ను తేడా, అంతే."

ఆయన విజయవాడ ఆటోనగర్‌కి నాలుగు ఫోన్లు చేశాడు. ఈ మోడలు బండ్లు తయారవడం మానేసి చాలా ఏళ్ళయింది, ఎనిమిది పళ్ళ జత ఎక్కడా లేదన్నారు. ఫోను పక్కన పెట్టి నా వంక ఓ రకంగా చూశాడు.

"మీ నాన్న కూడా ఇదే లెక్కేసాడమ్మాయ్. ఈ బండికే పెద్ద టైర్లెయ్యాలని ఆ జత కొని పెట్టుకున్నాడు. ఎక్కించకుండానే పోయాడు. అదేమైంది?"

టార్పాలిన్, అట్టపెట్టె, టీ గ్లాసులు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకటి నందిగామలో ఉంది, ఒకటి జగ్గయ్యపేటలో ఉంది. మధ్యలో కాలిపోతున్న క్లచ్‌తో నేనున్నాను.

"వేరే క్రౌను దొరికినా పెట్టకు. జతవి ఒకదాన్నొకటి ఒరుసుకుని తయారవుతాయి. తేడా జత వేస్తే వారంలో పళ్ళు రాల్తాయి. మీ నాన్న ఏ జత తెచ్చినా రెంటి మీదా పంచితో మూడు చుక్కలు కొట్టేవాడు. అవి చూసుకో," అన్నాడు ఫ్రాన్సిస్ బాబాయ్. "తొందరగా చూసుకో. ఈ క్లచ్చి పది ట్రిప్పులాగితే గొప్ప."

మర్నాడు ఖాళీ బండి వేసుకుని నందిగామ వెళ్ళాను. అన్నయ్య షెడ్డులో, ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చుని కాయితాలు చూసుకుంటున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. బాగున్నావా లేదు, కూర్చో లేదు.

"ఏమే, ఆగిందా?"

ఆరేళ్ళుగా పలకరింపు అదే.

"ఆగలా. పినియన్ కోసం వచ్చా."

వాడి కళ్ళు బల్ల మీదకి వెళ్ళాయి. కాయితాల కట్ట మీద బరువుగా పెట్టి ఉంది అది. మా నాన్న కొన్న పినియన్, ఆరేళ్ళుగా బిల్లుల మీద కూర్చుని ఉంది.

"టైర్లెవడు అమ్మాడు?"

"తమ్ముడు."

అన్నయ్య హాయిగా నవ్వాడు. "కొనేముందు నన్నొక మాట అడగలేకపోయావా?"

"అడిగితే చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదు."

ఈ నిజాయితీ ఒక్కటే మా అన్నయ్యలో నాకు నచ్చేది. "నాన్న ఈ బండి కోసమే కొన్నాడంట అన్నయ్యా."

"నాన్న చాలా కొన్నాడు. ఇది నా వాటాకొచ్చింది. కాయితం మీద రాసుంది."

"క్రౌను లేకుండా ఒక్క పినియన్‌తో ఏం చేసుకుంటావ్?"

"కాయితాలు ఎగిరిపోకుండా పెట్టుకుంటా. నా సామాను, నా ఇష్టం. నువ్వు ఆ బండి ఎన్ని రోజులు ఈడుస్తావో ఈడువు. ఆగాక ఫోన్ చెయ్యి, లారీ పంపిస్తా."

చెయ్యి చాపి పినియన్ అందుకున్నాను. వాడు "పెట్టవే అక్కడ!" అని లేచేసరికి ఫ్యాను గాలికి కాయితాలన్నీ ఒక్కసారి లేచాయి. రెండు చేతులతో కాయితాలు అదుముకుంటూ, కదిలితే అవి పోతాయి, కదలకపోతే ఇది పోతుంది అన్నట్టు నిలబడిపోయాడు. "దొంగముండా" అని మాత్రం అన్నాడు.

"పోలీస్ స్టేషన్ ఇక్కడే, కోర్టూ ఇక్కడే. చెల్లెలు కాయితాల మీది బరువు ఎత్తుకుపోయిందని కేసు పెట్టుకో," అని చెప్పి వచ్చేశాను. బండిలో కూర్చుని గ్రీజు తుడిచి చూస్తే కడ్డీ చివర మూడు చుక్కలున్నాయి. నాన్న చేతి చుక్కలు.

ఇంటికి చేరాక వదిన ఫోన్ చేసింది. బాలామణి వదిన మంచిదే, కాకపోతే మొగుడు పక్కన లేనప్పుడే మంచిది.

"వల్లీ, ఒక సంగతి తెలుసా? మీ అన్నయ్య ఇందాక నాగసాయికి ఫోన్ చేసాడు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు."

నేను మంచం మీద కూలబడ్డాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధమెందుకు, చాలా సంతోషమేసింది. ఆరేళ్ళు! పంపకాల తర్వాత కలవనివాళ్ళు, నాన్న సంవత్సరీకానికి ఒకరి నీడ ఒకరు తొక్కనివాళ్ళు ఇవాళ మాట్లాడుకున్నారా! ఆ పినియన్ నా చేతిలో చూసి అన్నయ్య మనసు కరిగిందేమో, నాన్న గుర్తొచ్చాడేమో అని ఏవేవో అనుకున్నాను. అదంతా ఓ అర నిమిషం ఉంటుంది.

"ఏం మాట్లాడుకున్నారు వదినా?"

వదిన గొంతు తగ్గించింది. "అది క్రౌను కోసం నీ దగ్గరికి వస్తది, ఇవ్వబాకు, ఇంకో వారం ఆగితే బండి దానంతటదే ఆగిపోద్ది, అని చెప్పాడే. నాగసాయి సరే అన్నాడంట."

నేను ఫోన్ పెట్టేశాను. తిట్టాలనిపించలేదు. తిట్టడానికి ఉన్న మాటలన్నీ చిన్నవైపోయాయి. ఆరేళ్ళ తర్వాత అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని నా నోటి దగ్గర కూడు తీసెయ్యడం. ఆ అర నిమిషం సంతోషపడినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

పొద్దున్నే జగ్గయ్యపేట వెళ్ళాను. సాయి షాపు రోడ్డు కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. బండ్లు ఎక్కడానికి ఒకటే వాలు దారి. కోతల సీజన్లో ట్రాక్టర్ ట్రైలర్లు, ఆటోలు, పికప్పులు ఆ దారి మీద వరస కడతాయి. నా బండి ఆ వాలు సగం ఎక్కేసరికి క్లచ్ చేతులెత్తేసింది. ఇంజన్ అరుస్తోంది, బండి కదలదు. బానెట్ కింద నుంచి పొగ వచ్చింది. బండి దారికి అడ్డంగా జారి నిలబడింది.

పది ట్రిప్పులన్నాడు ఫ్రాన్సిస్ బాబాయ్. రెండు కూడా రాలేదు.

సాయి బయటికొచ్చాడు. పొగ చూశాడు. వాడి మొహం పండగలా వెలిగింది. "ఆగిపోయిందా అక్కా?"

"క్రౌను ఇవ్వు."

"ఏ క్రౌను? ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేసా."

పంచరు చూసే నీళ్ళతొట్టి పక్కనే ఉంది. దాని రేకుమూత గాలికి లేవకుండా మీద ఒక బరువు పెట్టి ఉంది. పళ్ళున్న ఇనప చక్రం. తుప్పు పట్టి గోధుమరంగుకి తిరిగింది. నేను దాన్ని చూడటం వాడు చూశాడు. వెళ్ళి దాని పక్కన నిలబడ్డాడు. మా తమ్ముడు నాకంటే జానెడు పొడుగు, వాడితో కుస్తీ పట్టే వయసు కాదు నాది.

వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఒక ట్రాక్టరు, రెండు ఆటోలు వాలు కింద ఆగిపోయి ఉన్నాయి. వాటిని చూశాక నాకు పంపకాల కాయితం గుర్తొచ్చింది. చటుక్కున నా కోపం చల్లబడి, ఇంకో రకం కోపంగా మారింది. చాలా హాయిగా ఉండే రకం.

బండి తాళం తీసి, వాడు గాలిగొట్టం తగిలించే మేకుకి తగిలించాను.

"ఆగిందిరా సాయీ. తీర్పు ప్రకారం ఈ క్షణం నుంచి ఇది మీ ఇద్దరిదీ. సగం నీది, సగం అన్నయ్యది. ఫోన్ చేసి చెప్పుకో, నిన్ననేగా మాట్లాడుకున్నారు. నేను బస్సుకి పోతన్నా."

"అక్కా, దారికడ్డంగా..."

"నా బండి కాదుగా," అన్నాను.

ఆ తర్వాత జరిగినవి నాకు వదినా, పక్క హోటలువాళ్ళూ చెప్పారు. సాయి నలుగురిని పోగేసి బండిని పక్కకి నెట్టబోయాడు. ఈలోగా నందిగామ నుంచి అన్నయ్య దిగాడు. "నా సగం నన్నడక్కుండా కదిలిస్తే ఊరుకోను" అన్నాడు. లారీ తెచ్చి నందిగామ షెడ్డుకి లాక్కుపోతానన్నాడు. అక్కడికి పోతే ఇంజన్ మాయమైపోదని గ్యారంటీ ఏంటి అన్నాడు సాయి. ఇక్కడుంటే మాత్రం బ్యాటరీ మిగులుద్దా అన్నాడు అన్నయ్య. ఒకరి మాట మీద ఒకరికి చిల్లిగవ్వంత నమ్మకం లేదు. చివరికి అన్నయ్య ముందు చక్రానికి గొలుసు వేసి తాళం వేశాడు. అది చూసి సాయి వెనక చక్రానికి ఇంకో గొలుసు వేశాడు. రెండు తాళాలు వేసుకుని బండి మహారాణిలా దారికి అడ్డంగా కూర్చుంది.

మొదటి రోజు సాయి రెండు బేరాలు పోగొట్టుకున్నాడు. రెండో రోజు ట్రాక్టర్లన్నీ పక్క షాపుకి వెళ్ళాయి. మూడో రోజు వాడు అన్నయ్యకి ఫోన్ చేసి తాళం తియ్యమని బతిమాలాడట. "ఉండనియ్యి, అందంగా ఉంది" అన్నాడట అన్నయ్య. నాలుగో రోజు పొద్దున మబ్బు పట్టింది.

ఆ మబ్బు చూసి భవానీప్రసాద్ గారికి గుండె జారింది. ఆయన మిరపకాయలు రెండు ట్రిప్పుల సరుకు చేలో ఉండిపోయింది. ఆ డొంకలోకి వెళ్ళగలిగిన ట్రాక్టర్లన్నీ ఎవరి సరుకు వాళ్ళు తోలుకునే పనిలో ఉన్నాయి. ఆయన కారు మా ఇంటి ముందాగింది.

"ఏమ్మా నాగవల్లీ, బండి తియ్యవా?"

"బండి ఆగిందండి. మీ తీర్పు ప్రకారం మా అన్నదమ్ములది. వాళ్ళనడగండి."

"తీర్పు సంగతి తర్వాత..."

"ఇప్పుడే చెప్పండి. మీరు ఆ రోజు ఒక జతని రెండు చేసి పంచారు. దాని మూలాన నా బండి ఆగింది. మీ కాయలు తడవబోతున్నాయి. నాకైతే జాలిగా ఏం లేదండి."

అంత మాట ఆయనతో ఎవరూ అని ఉండరు. మొహం కందగడ్డ అయింది. ఆకాశం వైపు ఒకసారి చూసి, కారు తలుపు తెరిచి "ఎక్కు" అన్నారు.

షాపు దగ్గరికి వెళ్ళేసరికి అన్నయ్యని కూడా పిలిపించి ఉంచారు. వాలుకి అటు వాడు, ఇటు వీడు. మధ్యలో బండి.

"ఇది ఆగిందని ఎవడన్నాడు?" అని గద్దించారు భవానీప్రసాద్ గారు. "రిపేరుకొచ్చిన బండి ఆగిన బండి ఎట్లా అవుద్ది? నేను రాసింది నడవకుండా పోతే అని. ముందు తాళాలు తియ్యండి."

పెద్దమనిషి న్యాయం ఆయన మిరపకాయల వైపు తిరిగింది. నాకు అభ్యంతరం లేదు, ఆ రోజు అవి నా వైపున్నాయి.

అన్నయ్య పళ్ళు కొరుకుతూ గొలుసు తీశాడు. సాయి తన గొలుసు కూడా తీసి, లోపలికి పోయి ఒక క్రౌను పట్టుకొచ్చాడు. నిగనిగలాడుతోంది, గ్రీజు కూడా పూశాడు. "తీసుకో అక్కా. అన్నీ మర్చిపో," అన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టు ఉంది వాడి గొంతు.

తిప్పి చూశాను. పళ్ళు లెక్కపెట్టాను. నలభై ఒకటి ఉన్నాయి. చుక్కలు మాత్రం లేవు.

"ఇది నా దగ్గరున్న పినియన్‌కి జత కాదు. ఇది వేస్తే వారంలో పళ్ళు రాల్తాయి. అప్పుడు నిజంగానే ఆగుద్ది, అంతేగా? తొట్టి మీదది ఇవ్వరా."

వాడు కదల్లేదు. నేనే వెళ్ళి మూత మీద నుంచి తీశాను. పమిటచెంగుతో తుప్పు గట్టిగా రుద్దితే ఒకదాని తర్వాత ఒకటి మూడు చుక్కలు బయటపడ్డాయి. అన్నయ్య కూడా అటే చూశాడు. ఒక్క క్షణం వాడి మొహంలో ఏదో కదిలినట్టు అనిపించింది. ఈసారి నేను సంతోషపడలేదు. ఒకసారి మోసపోతే చాలు.

"ఎన్నాళ్ళు నడుపుతావో నేనూ చూస్తా," అన్నాడు అన్నయ్య.

"చూడు. అంతకంటే చేసేదేముంది నీకు," అన్నాను.

నేను ఫోన్ చేస్తే ఫ్రాన్సిస్ బాబాయ్ ఆటోలో సామాను వేసుకొచ్చి, ఆ వాలు మీదే బండి విప్పాడు. క్రౌనునీ, నేను ఇంటి నుంచి తెచ్చిన పినియన్‌నీ కిరసనాయిలులో కడిగాడు. తుప్పు పైపైనే ఉంది, పళ్ళు దెబ్బతినలేదు. పళ్ళకి రంగు పూసి తిప్పి, పన్ను మీద పన్ను ఎక్కడ ఆనుతోందో చూసుకుంటూ బిగించాడు. కొత్త క్లచ్ ప్లేటు వేశాడు. ఆ పని జరుగుతున్నంతసేపు మెకానిక్‌లైన నా అన్నదమ్ములిద్దరూ చెరోవైపు నిలబడి చూశారు. ఒక్కడూ ఒక్క స్పానర్ అందించలేదు. అందించాలన్నా పన్నెండు ఒకడి దగ్గర, పదమూడు ఒకడి దగ్గర ఉన్నాయి.

సాయంత్రానికి నేను డొంకలో ఉన్నాను. వెనక నిండా భవానీప్రసాద్ గారి మిరపకాయలు. చినుకులు మొదలయ్యాయి. బండిని గాడిలోకి దించాను. ఫస్టు గేరు వేసి క్లచ్ వదిలాను. బండి మూలగలేదు. పొగ లేదు, వాసన లేదు. హౌసింగు గట్టు మీద నుంచి సాఫీగా దాటిపోయింది. సెకండ్ వేశాను. లాగింది. ఆరు రోజులుగా బిగపట్టుకున్నదంతా బయటికొచ్చి, స్టీరింగ్ పట్టుకునే గట్టిగా ఏడ్చాను. నాన్న లెక్క తప్పలేదు. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు.

సరుకు దింపి ఊపిరి పీల్చుకుంటుంటే వదిన ఫోన్.

"వల్లీ, మీ అన్నయ్య నాగసాయి నంబరు మళ్ళీ బ్లాక్ చేసాడే. అక్కణ్ణించి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లో ఒకటే గొడవ. నువ్వు క్రౌను ఎందుకిచ్చావంటే, నువ్వు పినియన్ ఎందుకు పోనిచ్చావని. ఇక ఈ జన్మలో వాడి మొహం చూడనంటన్నాడు."

నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆ తర్వాత, వద్దనుకున్నా, ఆ రోజు మంచం మీద కూలబడిన అర నిమిషం గుర్తొచ్చింది. వాళ్ళిద్దరినీ మళ్ళీ కలిపినది ఒక్కటే, నా బండి ఆగుతుందన్న ఆశ. బండి నడిచినంతకాలం వాళ్ళకి ఒకరితో ఒకరికి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

రెండో ట్రిప్పుకి బండి తిప్పాను. దీన్ని నేను చాలా ఏళ్ళు నడుపుతాను.